ప్రస్థానం పెట్టిన పాస్‌పోర్టు

వీరలక్ష్మి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. ఆ మంగళవారం జరిగినదాంట్లో సగం తప్పు నాది. ఆ మాట నేనెంత మొత్తుకున్నా బందరులో ఎవరూ ఒప్పుకోరు. "మీరేం చేశారండీ మూర్తిగారూ, పంచాంగం చూసి చెప్పారు, అంతేగా" అంటారు. అంతే కాదు కాబట్టే రాస్తున్నాను.

నా పేరు రామచంద్రమూర్తి. ముప్ఫై ఆరేళ్లు సర్కారు ఆఫీసులో గుమాస్తాగిరీ చేశాను. రిటైరై పదేళ్లయినా ఫారాలు నింపమని జనం వస్తూనే ఉంటారు. నాకు ముక్కుమీద కోపం. తేదీ తప్పు రాసినవాణ్ణి గుమ్మంలోనే నాలుగు దులుపుతాను. ఆ కోపాన్ని లెక్కచేయకుండా ఇరవై ఏళ్లుగా మా ఇంటికొస్తున్న మనిషి వీరలక్ష్మి ఒక్కతే.

ఆవిడది గిలకలదిండి, బందరు చివర పడవలాగే రేవు. మొగుడు సుబ్బారావు బోటు మీద పనిచేసేవాడు. కువైటు వెళ్లి ఇళ్లల్లో పనిచేస్తానని పాస్‌పోర్టు ఫారం పట్టుకుని మొదటిసారి మా గుమ్మంలో నిలబడినప్పుడు ఆవిడకి ముప్ఫై నాలుగేళ్లు.

"సంతకం పెట్టడం వచ్చా?" అన్నాను, వేలిముద్రలంటే నాకు విసుగు.

"ఇవాళ రాదండి. నేర్చుకుని రేపొస్తాను" అంది.

ఎక్కడ వస్తుందిలే అనుకున్నాను. మర్నాడు పదిగంటలకల్లా వచ్చింది. ఫారం మీద 'వీరలక్ష్మి' అని గుండ్రంగా, ఒత్తు ఎక్కడా తప్పకుండా రాసింది. రాత్రంతా కూర్చుని పిల్లాడి పలక అరగదీసిందని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి ఆవిడ మీద నాకు గౌరవం, ఎదురుగా ఎప్పుడూ చూపించలేదు గానీ.

కువైటులో పదకొండేళ్లు ఉంది. దిగిన రోజునే ఆ ఇంటి యజమానురాలు పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. నాలుగో ఏట సుబ్బారావు కామెర్లతో పోయాడు. కబురు నేనే ఫోన్లో చెప్పాను. పంపించమని అర్జీలూ నేనే రాశాను. పండగ వెళ్లనీ, చుట్టాలు వెళ్లనీ అంటూ ఆ ఇంటివాళ్లు రోజులు జరిపారు. వీరలక్ష్మి బందరులో దిగేసరికి మొగుడు పోయి నలభై మూడు రోజులు. నా దగ్గరికొచ్చి ఏడవలేదు. "బీరువా తాళం నా కళ్లముందే ఉండేదండి. పగలగొట్టే ధైర్యం లేకపోయింది" అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. కొడుకుని పెంచాలి కాబట్టి మళ్లీ అదే ఇంటికి వెళ్లింది. ఆ మనిషి ఎలాంటిదో చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే మాటలు లేవు.

ఆ కొడుకు సాయిబాబు ఇప్పుడు కువైటులోనే డ్రైవరు. తాను పనిచేసే ఇంట్లో వంటపని చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి అనలిన్‌ని ఇష్టపడి, సెలవుకి వచ్చినప్పుడు బందరులో రిజిస్టరు పెళ్లి చేసుకున్నాడు. కడుపుతో ఉందని అమ్మాయిని తల్లి దగ్గర ఉంచి తాను పనిలోకి వెళ్లాడు. గిలకలదిండి వాళ్లు నెల రోజులు వింతగా చూశారు. వాళ్లకి అంతకంటే వింత ఏమిటంటే, ఆ అత్తాకోడళ్లు వంటింట్లో అరబ్బీలో మాట్లాడుకుంటారు! ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఆ పిల్లకి తెలుగు అంతంతమాత్రం. ఇద్దరికీ వచ్చింది కువైటు ఇళ్లల్లో నేర్చిన అరబ్బీ. అక్కడ పెద్దావిడని పిలిచినట్టే అత్తగారిని కూడా ఆ పిల్ల 'మామా' అని పిలుస్తుంది. చేప తోమేటప్పుడు గలగలా ఆ భాషలో నవ్వుకునేవారు. మనవరాలు హారిక పుట్టాక ఆ పాపకీ రెండు భాషల్లో గారాబం.

ఇక వీసా సంగతి. అనలిన్‌ది టూరిస్టు వీసా. అయిదేళ్లు చెల్లుతుంది గానీ ఒక్కసారి వస్తే తొంభై రోజులే ఉండాలి. భార్యగా ఉండిపోయే అనుమతికి వాళ్ల ఊరి నుంచి ఒక కాగితం రావాలి. అది ఇంకా రాలేదు. వచ్చేదాకా తొంభై రోజులు నిండకముందే పక్కదేశం వెళ్లి రావడమే దారి. అలా వెళ్లొస్తే మళ్లీ ఒకటి నుంచి లెక్క. ఒకసారి ఖాట్మండూ, నాలుగుసార్లు కొలంబో వెళ్లొచ్చింది. మద్రాసులో విమానమెక్కి, కొలంబోలో మూడు రోజులుండి వచ్చేది. టిక్కెట్లు, ఫారాలు అన్నీ నావే. తొంభై ఒకటో రోజున ఇక్కడ కనబడిందంటే తప్పు కింద రాస్తారు. విచారణ, జరిమానా, ఆపైన మళ్లీ రానివ్వకపోవచ్చు కూడా. పాపకి పద్నాలుగు నెలలు, ఇంకా పాస్‌పోర్టు లేదు. తల్లి అవతల ఉండిపోతే పిల్ల ఇవతల ఉండిపోతుంది.

ఇంత తెలిసీ ఈసారి తొంభయ్యో రోజు దాకా ఎందుకు ఆగామంటే, అది నా నిర్వాకం. ముందు వారమంతా వీరలక్ష్మికి వీలు కాలేదు. చతుర్దశి వద్దంది, అమావాస్య వద్దంది. తదియ ఆదివారం దివ్యంగా ఉందని పంచాంగం చూసి నేనే చెప్పాను. తీరా చూస్తే ఆదివారం రైల్లో బెర్తు లేదు. దొరికింది మంగళవారం సాయంత్రం గుడివాడ మీదుగా మద్రాసు వెళ్లే రైలు. బుధవారం పొద్దున్న ఏడున్నరకి విమానం. అదే తొంభయ్యో రోజు. మిగతా విమానాల్లో సీట్లు లేవు. అంటే ఈ రైలు తప్పితే ఇంక అంతే.

"మంగళారం బయల్దేరడమేంటండీ!" అని వీరలక్ష్మి మొహం మాడ్చుకుంది.

"ఆదివారం పొద్దున్న ఏడూ నలభైకి ప్రస్థానం పెట్టు. సరిపోతుంది" అన్నాను పెద్ద తెలిసినవాడిలా.

ప్రస్థానమంటే ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. మంచి ఘడియలో మనిషి బయల్దేరలేకపోతే, ప్రయాణంలో వెంట తీసుకెళ్లే వస్తువేదైనా ఆ ఘడియకి వేరేవాళ్లింట్లో పెడతారు. మనిషి అప్పుడే బయల్దేరినట్టు లెక్క. తర్వాత ఆ మనిషే వెళ్లేదారిలో స్వయంగా దాన్ని తీసుకుని సాగిపోవాలి. పెట్టిన వస్తువు తిరిగి సొంతింటికి రాకూడదు. మామూలుగా చీరో తువ్వాలో పెడతారు. ఏం పెట్టాలో నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

మంగళవారం పదకొండింటికి టిక్కెట్ల కాగితాలు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. అనలిన్ పెట్టె సర్దుకుని, చేతిసంచీ జిప్పు లాగి చూసి, మళ్లీ చూసి, సంచీ మొత్తం మంచం మీద బోర్లించింది. పాస్‌పోర్టు లేదు.

వీరలక్ష్మి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎంతో ఘనకార్యం చేసినట్టు, "కంగారుపడకు, గుడ్డసంచీలో వేసి ప్రస్థానం పెట్టాను. దైవాధీనం మావయ్యింట్లో ఉంది. స్టేషనుకెళ్తా తీసుకోడమే" అని తెలుగులో ఒకసారి, అరబ్బీలో ఒకసారి చెప్పింది.

ఆ పిల్ల ఖాళీ సంచీ పక్కన పడేసి అత్తగారి కేసి తిరిగింది. అటు తర్వాత అరబ్బీ రాలేదు. నాకూ అర్థమయ్యేలా వచ్చీరాని తెలుగులోనే అంది: "మామా... నువ్వు కూడా? మేడమ్ లాగ? అడగకుండా తీసావ్?"

వీరలక్ష్మి కాళ్లకి చెప్పులైనా లేకుండా వీధిలోకి పరుగు తీసింది. నేను ఆవిడని ఇరవై ఏళ్లలో అలా చూడలేదు.

అయితే ఏం, రెండు వీధుల అవతల ఉన్న సంచీ తెచ్చుకుంటే అయిపోతుంది కదా అనుకున్నాను. దైవాధీనం పాతకాలపు సరంగు, బోట్లు నడిపి నడిపి వయసు మీదపడి ఇంట్లో ఉంటున్నాడు. నియమాలంటే ప్రాణం. మేం వెళ్లేసరికి గుమ్మం బయటే ఆపేశాడు.

"లోపలికి రావద్దు, మైల. నిన్న పొద్దున్న మా దాయాది ముసలాయన పోయాడు" అన్నాడు.

"సంచీ ఇవ్వు మావయ్యా, వెళ్లిపోతాం" అంది వీరలక్ష్మి.

"సంచీ ఇక్కడెందుకుంటదే? మైలింట్లో ప్రస్థానం ఉంచుతారా ఎవరైనా? ఈ వీధంతా మా ఇంటిపేరే, ఒక్క గడప చోటు లేదు. వెనక్కి మీ ఇంటికి పంపకూడదాయె. మా అల్లుడు పున్నారావొక్కడికే మైల లేదు. వాడి చేతికిచ్చి ముందుకి పంపించేశాను."

"ముందుకంటే ఎక్కడికి?" అన్నాను గడియారం చూసుకుంటూ.

"వాళ్లూరే. పాలకాయతిప్ప."

పాలకాయతిప్ప! కృష్ణ సముద్రంలో కలిసేచోట, దివిసీమ కొసన. ఇక్కడికి అరవై కిలోమీటర్ల పైమాట. మేం వెళ్లాల్సిన గుడివాడ ఇటు ఉత్తరాన ఉంటే అది అటు దక్షిణాన. నా కోపం కట్టలు తెంచుకుంది. "బుద్ధుందా దైవాధీనం? ఒక్క ఫోను చెయ్యలేకపోయావా? అందులో పాస్‌పోర్టుంది!" అని వీధంతా వినబడేలా అరిచాను.

పాపం, ముసలాయన మొహం తెల్లబోయింది. "చీరో జాకెట్టో అనుకున్నానండి. అల్లుడు ఫోన్ చేసి చెప్తానన్నాడు. లేకపోతే నేనే... పాస్‌పోర్టెవరన్నా పెడతారాండీ అందులో?" అన్నాడు.

పున్నారావు ఫోను మోగుతోంది, తీయడం లేదు. భార్య చావింట్లో ఉంది. తాళంచెవి ఒక్కటే, మొగుడి మొలతాడుకుంటుందని చెప్పింది. నేను తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాను. ఆ కాస్సేపట్లోనే వీరలక్ష్మి రేవు దగ్గర కారు నడిపే క్రాంతి కుమార్‌ని పిలిచేసింది.

"పెట్టె కార్లో పెట్టు. పాలకాయతిప్ప వెళ్లి, అట్నుంచటే గుడివాడ. ఇంటికి రావడం లేదు" అంది. తర్వాత నావైపు తిరిగి, "మీరొస్తారా పంతులుగారూ? టైములు చూసే మనిషి కావాలి నాకు" అంది. రాకుండా ఎలా ఉంటాను!

పన్నెండుంబావుకి బయల్దేరాం. నేను ముందు సీట్లో, వెనక అత్తాకోడళ్లు. తల్లి ఒళ్లో పాప. అనలిన్‌ని సరాసరి గుడివాడ పంపించి మేమిద్దరం వెళ్లొచ్చు కదా అంటే ఆ పిల్ల వినలేదు. పాస్‌పోర్టు కంటబడేదాకా మమ్మల్ని వదలదలుచుకోలేదు. తప్పేముంది? ఆ స్థితిలో నేనైనా ఎవరినీ నమ్మను.

వరికోతల రోజులు, రోడ్డుమీద సగం దాకా ధాన్యం ఆరబోశారు. క్రాంతి కుమార్ హారన్ కొట్టుకుంటూ పోతున్నాడు. మోపిదేవి దాటాక ఇంక ఉండబట్టలేక వెనక్కి తిరిగి, "అసలు పాస్‌పోర్టెందుకు పెట్టావమ్మా? చీర లేకపోయిందా ఇంట్లో?" అన్నాను కటువుగా.

వీరలక్ష్మి కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "నేను కువైటు వెళ్లేటప్పుడు మా అమ్మ నా చీర ప్రస్థానం పెట్టింది పంతులుగారూ. చీర మంచి ఘడియలో బయల్దేరింది. పాస్‌పోర్టు మటుకు ఏజెంటు దగ్గరుండిపోయి, అమావాస్యనాడు నా చేతికొచ్చింది. అందుకే అది పరాయి బీరువాలో పడిందని పదకొండేళ్లూ అనుకున్నానండి. ఈ పిల్లదీ ఆరేళ్లు అలాగే పడుందంట. ఈసారన్నా ఆ పుస్తకం మంచి ఘడియలో గడప దాటితే ఇంకెవడి తాళంలోనూ పడదని... అలా అనుకుని పెట్టాను."

ఏడూ నలభై అని చెప్పింది నేను. ఆవిడ ఆ మాటని ఎంత లోతుకి తీసుకుందో నాకెలా తెలుస్తుంది? "ఈ సంగతి ఆ పిల్లకి చెప్పు" అన్నాను. "ఇప్పుడేం చెప్పినా సాకులాగే ఉంటదండి. ముందు దాన్ని తెచ్చి చేతిలో పెట్టాలి" అంది.

కోడూరు దాటాక రోడ్డు పాడైంది. పాలకాయతిప్ప చేరేసరికి రెండూ ముప్పావు. ఇసకలో పాతిక ముప్ఫై గడపలు, వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు ముగ్గురు మగవాళ్లు, ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్లు. పున్నారావు ఇల్లు చూపించారు. తలుపుకి గుప్పెడంత తాళం. నేను మళ్లీ ఫోను చేశాను. ఆ తలుపు వెనకాల నుంచి మోగింది.

"తెల్లారుజామున బోటేసుకుని ఏటకెళ్లాడండి. ఫోను తడుస్తదని ఇంట్లోనే పడేసి పోతాడు. పోటు మీద వస్తాడు, ఆరింటికల్లా" అన్నాడు వల అల్లుతున్న పెద్దాయన.

ఆరింటికి! ఆరుంబావుకి గుడివాడలో రైలు. ఇక్కణ్ణించి గుడివాడ ఎంత తోలినా దగ్గరదగ్గర మూడు గంటలు. మూడుంబావుకి కదలకపోతే లాభం లేదని గడియారం చూసి చెప్పాను. కిటికీ సందులోంచి చూస్తే లోపల దూలానికి పసుపు గుడ్డసంచీ వేలాడుతోంది. అందులో ఆ పిల్ల బతుకు, అంత దగ్గరగా.

"తాళం పగలగొడదాం" అన్నాడు క్రాంతి కుమార్.

అంతలో దైవాధీనం ఫోను. సంగతి చెప్పగానే కేకపెట్టాడు. "వద్దు వీరలక్ష్మీ! ప్రస్థానం ఉన్న ఇంటి తలుపు పగలగొడితే ఇంతింత అరిష్టం కాదు! వెళ్లిన మనిషి తిరిగి రాదంటారు! ఆగండి, మా అల్లుడొచ్చేస్తాడు."

ఫోను స్పీకర్లో ఉంది. అందరం విన్నాం. వీరలక్ష్మి చేతిలో పాప ఉంది. అలాంటి మాటలు నమ్మే మనిషి ఆవిడ. అమావాస్యనాడు సూదిలో దారం కూడా ఎక్కించదు. నిజం చెప్పొద్దూ, పంచాంగాలు చూసే నేనూ క్రాంతి కుమార్‌ని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. వెళ్లిన మనిషి తిరిగి రాదు అంటే ఏ తల్లి మనసు ఊరుకుంటుంది?

ఆవిడ ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "మావయ్యా, మాట తప్పుగా అనుకోకు" అని ఫోను కట్టేసింది. పాపని నా చేతికిచ్చింది. వలల పక్కన పడున్న పాత ఇనప లంగరు ఎత్తుకొచ్చి కోడలి ముందు పెట్టింది.

"కొట్టు" అంది.

అనలిన్ ఒక అడుగు వెనక్కి వేసింది. జనం చూస్తున్నారు. పరాయి ఊరు, పరాయి ఇల్లు, అందులోనూ తాను పరాయి దేశపు మనిషి. వీరలక్ష్మి దగ్గరికెళ్లి అరబ్బీలో నాలుగైదు మాటలు చెప్పింది, గట్టిగా, కోపంగా చెప్పినట్టే. ఏం చెప్పిందో ఆవిణ్ణి తర్వాత అడిగాను. "అక్కడ నువ్వు కొట్టలేకపోయావు, నేనూ కొట్టలేకపోయాను. ఈ తాళం నా మూలంగా పడింది. నీ పుస్తకానికి అడ్డమొస్తే నాదైనా సరే, కొట్టెయ్. ఏమొచ్చినా నాకు రానీ" అని చెప్పిందట.

అనలిన్ చున్నీ కొంగులా నడుముకి బిగించి లంగరు ఎత్తింది. మొదటి దెబ్బ తలుపుకి తగిలింది. రెండోది తాళానికి తగిలి జారింది. మూడో దెబ్బకి గొళ్లెం ఊడి ఇసకలో పడింది. ఆ పిల్ల లంగరు వదలకుండా ఇంకో దెబ్బ వేసింది, ఊడిపోయిన గొళ్లెం మీదే. తర్వాత లోపలికి వెళ్లి సంచీ దింపుకుని, పాస్‌పోర్టు తీసి గుండెలకి అదుముకుని గడపలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎండుచేపల దగ్గరున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

వీరలక్ష్మి ఏడవలేదు. వల అల్లే పెద్దాయనతో, "పున్నారావొచ్చేదాకా ఈ గుమ్మంలో కూర్చో తాతా. తాళం ఎవరు పగలగొట్టారంటే గిలకలదిండి వీరలక్ష్మి అని చెప్పు. రేపో ఎల్లుండో నేనే వచ్చి కొత్త గొళ్లెం బిగిస్తాను" అంది. ఆయన తలూపి వలతో సహా గుమ్మంలోకి జరిగాడు.

మూడూ పదికి కదిలాం. చల్లపల్లిలో ధాన్యం ట్రాక్టర్ల వెనక పావుగంట ఇరుక్కుపోయాం. నేను కారు దిగి ఆ ట్రాక్టరువాళ్ల మీద ఆఫీసులో కూడా అరవనంతగా అరిచాను. పామర్రు దాటేసరికి అయిదున్నర. గుడివాడ స్టేషను ముందు ఆగేసరికి ఆరూ ఎనిమిది.

రైలు పది నిమిషాలు ఆలస్యమని మైకులో చెప్పారు. జన్మలో మొదటిసారి ఒక రైలు ఆలస్యానికి నేను దణ్ణం పెట్టాను. ప్లాట్‌ఫారం మీద అనలిన్ పాపని ఎత్తుకుని పాలపీక నోటికందించింది. వీరలక్ష్మి ఎదురుగా నిలబడింది. ఆ దారంతా మింగుకుంటూ వచ్చిన మాట అప్పుడు బయటికొచ్చింది. అరబ్బీలో కాదు, తెలుగులో.

"తప్పయిపోయిందమ్మా. నీది నీకు చెప్పకుండా తీశాను. ఎందుకు తీశానన్నది వేరే సంగతి. తియ్యడం తప్పు."

ఆ పిల్లకి అర్థం కాదేమోనని, "అరబ్బీలో చెప్పొచ్చుగా" అన్నాను మెల్లగా.

"వద్దండి. ఆ భాషలో తప్పయిందనడం రోజుకి వందసార్లు అన్నాం, ఆమే నేనూ. అది పనిమనుషుల మాట. ఇది నా మాట."

అనలిన్‌కి ఎంత అర్థమైందో నాకు తెలియదు. పాపని ఎత్తుకున్న చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో అత్తగారి మెడ చుట్టూ పట్టుకుని భుజం మీద తల ఆనించింది. వీరలక్ష్మి అప్పుడేడ్చింది. మొగుడు పోయినప్పుడు నా ముందు ఏడవని మనిషి, గుడివాడ స్టేషన్లో సమోసాలవాడు ఆగి చూసేలా ఏడ్చింది. రైలు వచ్చింది. పాప ఇటు చేతులు మారింది, తల్లి అటు ఎక్కింది.

మర్నాడు ఏడున్నర దాటినా వీరలక్ష్మి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. పాపని చంకనేసుకుని మా అరుగు మీద కూర్చుంది. అరిష్టం మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు, కానీ ఆవిడ కళ్లల్లో అదే ఉంది. తొమ్మిదింబావుకి కొలంబో నుంచి ఫోనొచ్చింది, మద్రాసులో ముద్ర వేశారని, దిగానని. శనివారం ఆ పిల్ల తిరిగొచ్చింది. మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలైంది. మధ్యలో వీరలక్ష్మి అన్నట్టుగానే పాలకాయతిప్ప వెళ్లి గొళ్లెం బిగించి వచ్చింది. పున్నారావు అత్తవారి తరఫు చుట్టమని ఆవిడకి పెద్ద సొరచేప కట్టిచ్చాడట.

కాగితం ఇంకా రాలేదు. మాఘమాసంలో మళ్లీ ప్రయాణం తగిలింది. ఈసారి ఎనభయ్యో రోజుకే టిక్కెట్టు కొన్నాను, తిథులు చూసి కాదు, బెర్తులు చూసి. అది నవమి. వీరలక్ష్మి కిక్కురుమనలేదు. కానీ ముందు రోజు నేను కాగితాలిచ్చి వచ్చేస్తుంటే, గుమ్మంలో నుంచుని కోడలితో అరబ్బీ, తెలుగు కలగలిపి ఏదో నసుగుతోంది. ప్రస్థానం పెట్టనా, వద్దా, నీ ఇష్టం, పెడితే ఏం పెట్టను, నువ్వే చెప్పు అని.

అనలిన్ లోపలికి వెళ్లింది. చేతిసంచీ జిప్పు లాగిన చప్పుడైంది. బయటికొచ్చి, పాస్‌పోర్టు రెండు చేతులతో అత్తగారి ముందు పెట్టింది.

"మామా, ఇది పెట్టు" అంది.

వీరలక్ష్మి దాన్ని అందుకుంది. అట్ట మీద దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచింది. తర్వాత ఆ పిల్ల అరచేయి తెరిచి, అందులో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇది నీ దగ్గరే ఉండనీ తల్లీ. నీ పాత గౌనొకటివ్వు, చాలు" అంది.